డాక్టరు కంప్యూటర్లో మన మిల్లు పని ఉందా?

ఈ మధ్య మన వాళ్ళు ఎవరు ఆసుపత్రికి పోయొచ్చినా ఒకే మాట. "డాక్టరు నా మొగం చూడలేదన్నా, కంప్యూటర్నే చూస్తా ఉన్నాడు." గుడియాత్తంలో అదే అంటారు, వేలూరులోనూ అదే అంటారు. అయిదో తరగతితో చదువు ఆపి, ముప్పై నాలుగేళ్ళు రింగ్ ఫ్రేముల దగ్గర నిలబడినవాణ్ణి నేను. కంప్యూటర్ సంగతి నీకేం తెలుసని అడగొచ్చు. మిషన్ సంగతి తెలుసు. మా మిల్లుకు ఒకసారి కొత్త ఫ్రేములు వచ్చినాయి, చూడ్డానికి తళతళ. ఆపే స్విచ్ మాత్రం ఒక్క కొసనే పెట్టిండారు. నడిమధ్యలో ఏదన్నా చుట్టుకుంటే అంత దూరం పరిగెత్తాల. దాన్ని గీసినోడు ఒక్కనాడూ తెగిన పోగు అతికించి ఎరగడని చూడంగానే తెలిసిపోయింది.

డాక్టర్ల కంప్యూటరూ అట్లాంటిదే. అమెరికాలో పిట్స్‌బర్గ్ పిల్లల ఆసుపత్రిలో మందులు రాసే పనంతా ఆరు రోజుల్లో కంప్యూటర్‌కి మార్చేశారు. వేరే ఆసుపత్రుల నుంచి తెచ్చి చేర్చిన పిల్లల్లో అంతకు ముందు నూటికి 2.80 మంది చనిపోతా ఉంటే, మార్చిన తర్వాత 6.57 అయింది. ఆ లెక్క 2005లో అక్కడి డాక్టర్లే బయటపెట్టిరి. ముందైతే బిడ్డ దోవలో ఉండగానే మందులు సిద్ధం చేసిపెట్టేవాళ్ళు. కంప్యూటర్ వచ్చినాక, బిడ్డ వచ్చి పేరు ఎక్కితే గానీ మందు రాయడానికి కుదరదు. నర్సు మంచం దగ్గర ఉండాల్సిన టైములో తెర దగ్గర ఉండింది. కారణం కంప్యూటర్ ఒక్కటేనా అని డాక్టర్లలో వాదన ఉంది. సియాటిల్‌లోని పిల్లల ఆసుపత్రిలో కూడా అట్లాంటి ఏర్పాటే పెట్టిరి, అక్కడ చావులు పెరగలేదు. తరచూ రాసే మందుల పట్టీలు వాళ్ళు ముందే తయారు చేసి పెట్టుకున్నారు.

మన తట్టు మంచివీ ఉండాయి. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో 2010 నుంచి ఐస్మార్ట్ అనే ప్రోగ్రాం వాడతా ఉండారు. దాన్ని బయట కొనలేదు. కంటి డాక్టర్లు, ఇంజనీర్లు ఒకచోట కూర్చుని ఇంట్లోనే చేసుకున్నారు. మన వేలూరు సీఎంసీ, 1900లో ఐడా స్కడర్ అమ్మ ఒక్క మంచంతో మొదలుపెట్టింది, అక్కడ కూడా సొంత కంప్యూటర్ విభాగం ఉంది. చీటీ మీద అంకెలు, చివర ఒక ఇంగ్లీషు అక్షరం, అదే మన ఆసుపత్రి నంబరు. ఆ నంబరు కొడితే పాత పరీక్షలు తెర మీదికి వస్తాయి. బెంగాల్ నుంచి, అస్సాం నుంచి రైలెక్కి వచ్చేవాళ్ళకి అది ఎంత ఆసరానో కాట్పాడి స్టేషన్లో నిలబడి చూస్తే అర్థమవుతుంది.

ఇంక నేను చెప్పదలచుకున్న సంగతి. తెర మీద గడి ఉన్నదే డాక్టరు అడుగుతాడు. రెండేళ్ళ కింద దగ్గు, ఆయాసంతో మన జిల్లాలో ఒక ఆసుపత్రికి పోయినాను. కౌంటర్లో అమ్మాయి "ఏం పని తాతా?" అంది. రిటైర్ అయినానమ్మా అన్నాను. తన పట్టీలో సర్కారు ఉద్యోగం, ప్రైవేటు ఉద్యోగం, వ్యవసాయం, వ్యాపారం, ఏమీ లేదు అని అయిదే ఉన్నాయంట. "ఏమీ లేదు" నొక్కింది. లోపల డాక్టరు బీడీ అడిగినాడు, సారాయి అడిగినాడు, షుగర్ అడిగినాడు. మిల్లు అడగలేదు. నేనే చెప్పినాను. కుర్రోడు మంచోడు, కీబోర్డు మీంచి చెయ్యి తీసి చాలాసేపు విని, కింద ఎక్కడో టైపు చేసినాడు. మూడు నెలల తర్వాత వేరే డాక్టరమ్మ ఉంది. ఆమె తెర మీద మళ్ళీ "ఏమీ లేదు" అనే ఉంది. కింద రాసింది ఆమెకు కనపడలేదు.

ఇది చిన్న విషయం కాదు. దూది నుసి ఏళ్ళ తరబడి పీల్చినోళ్ళకి వచ్చే జబ్బు పేరు బిస్సినోసిస్. మొదట్లో దానికొక గుర్తు ఉంటుంది. సెలవు తర్వాత పనికి పోయిన మొదటి రోజు రొమ్ము పట్టేస్తుంది, వారం గడిచే కొద్దీ తగ్గుతుంది. బ్లో రూం, కార్డింగ్‌లో చేసినోళ్ళకి ఎక్కువ. ఏళ్ళు ముదిరితే అన్ని రోజులూ ఆయాసమే. అప్పుడు చూస్తే బీడీ దగ్గులాగే ఉంటుంది, పని అడిగితే తప్ప తేడా తెలీదు. 1948 నాటి ఈఎస్ఐ చట్టం మూడో షెడ్యూల్లో దూది దుమ్ముతో వచ్చే ఈ ఊపిరితిత్తుల జబ్బు ఉండింది. పనివల్ల వచ్చిన జబ్బని తేలితే, పనిలో దెబ్బ తగిలిన లెక్కలోకి వస్తుంది. తేలాలంటే రికార్డులో పని ఉండాల కదా! "ఏమీ లేదు" అని ఉంటే ఏం తేలుతుంది?

2021 ఆగస్టు నుంచి 'మక్కళై తేడి మరుత్తువం' అని అక్కలు మన గడపల్లోకే వచ్చి బీపీ, షుగర్ చూసి మాత్రలు ఇస్తా ఉండారు. ఎవరింట్లో ఎవరు ఏ పని చేసినారో వీధిలో తిరిగే ఆ అక్కలకు తెలుసు. ప్రోగ్రాం చేసేవాళ్ళు వాళ్ళను ఒక్క పూట కూర్చోబెట్టి అడిగితే చాలు. పని అనే గడి పెద్దదిగా, అలర్జీ పక్కన, ప్రతి డాక్టరుకూ కనపడేట్టు పెట్టండని వాళ్ళే చెప్తారు.

అది వచ్చేదాకా మనమే ఒక చీటీ దగ్గర పెట్టుకుందాం. మిల్లు ఏది, ఏ డిపార్టుమెంటు, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా, సెలవు తర్వాత రోజు రొమ్ము పట్టేదా లేదా, ఈఎస్ఐ పది అంకెల నంబరు. కౌంటర్లో కాదు, డాక్టరు చేతికే ఇవ్వండి. బీడీ తాగే అలవాటు ఉంటే అదీ దాచకుండా రాయండి. రాయడం రానివాళ్ళు మా ఇంటికి రండి, సాయంత్రం అయిదు దాటితే నేను ఇంట్లోనే ఉంటాను, రాసిస్తాను.