విక్టర్ గోల్డ్‌ష్మిట్: ఖనిజ వర్ణన నుండి భూరసాయన సూత్రాల దాకా

వ్యాససంగ్రహం:
ఓస్లో విశ్వవిద్యాలయ ఖనిజశాస్త్రాచార్యులు విక్టర్ మోరిట్జ్ గోల్డ్‌ష్మిట్ (1888–1947) ఆధునిక భూరసాయన శాస్త్రానికి పునాది వేసినవారిలో ముఖ్యులు. దేశానికి ముడిసరుకులు వెదకవలసిన అవసరం నుండి ఆయన ఒక మౌలిక సిద్ధాంతాన్ని ఎలా నిర్మించారో, ఆ సిద్ధాంతం పరిధి ఏమిటో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఖనిజశాస్త్రం, భూరసాయన శాస్త్రం, అయాను వ్యాసార్ధం, స్ఫటికం, గోల్డ్‌ష్మిట్.

1. ఉపోద్ఘాతం:
ఒక మూలకం ఫలానా ఖనిజంలోనే ఎందుకు చేరుతుంది? మరొకదానిలో ఎందుకు చేరదు? పంతొమ్మిదవ శతాబ్దపు ఖనిజశాస్త్రం రంగు, కాఠిన్యం, స్ఫటికాకృతి, రసాయన సంఘటనం ఆధారంగా ఖనిజాలను శ్రద్ధగా వర్ణించి వర్గీకరించింది గాని, ఈ ప్రశ్నకు తృప్తికరమైన సమాధానం చెప్పలేకపోయింది. గోల్డ్‌ష్మిట్ పరిశోధన జీవితమంతా ఈ ప్రశ్న చుట్టూ సాగింది.

2. విద్యాభ్యాసం, తొలి పరిశోధన:
గోల్డ్‌ష్మిట్ 1888 జనవరి 27న జ్యూరిక్ నగరంలో యూదు కుటుంబంలో జన్మించారు. రసాయనశాస్త్రవేత్త అయిన తండ్రి హైన్రిష్‌కు 1901లో క్రిస్టియానియా (నేటి ఓస్లో) విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి లభించడంతో కుటుంబం నార్వేకు తరలివెళ్ళింది. అక్కడ ఆయన భూవిజ్ఞాని బ్రోగర్ వద్ద విద్యనభ్యసించి, క్రిస్టియానియా ప్రాంతపు శిలలపై 1911లో సిద్ధాంతగ్రంథం వెలువరించారు. శిలాద్రవం వేడికి దాని చుట్టూ ఉన్న శిలలు రూపాంతరం చెందిన తీరు అందులోని విషయం. సమతాస్థితిలో ఏర్పడిన శిలలో ఖనిజాల సంఖ్య సాధారణంగా దాని రసాయన అనుఘటకాల సంఖ్యను మించదని ఆయన నిరూపించారు. భౌతిక రసాయనశాస్త్రంలోని ప్రావస్థా నియమాన్ని శిలలకు అన్వయించడం వల్ల, శిలను కేవలం వర్ణించడమే కాక దానిలో ఏయే ఖనిజాలు ఉండగలవో ముందుగా ఊహించడం కూడా సాధ్యమైంది. 1914లో, 26 ఏళ్ళ వయసులో, ఆయన ఆచార్యులుగా, ఖనిజశాస్త్ర సంస్థ సంచాలకులుగా నియమితులయ్యారు.

3. యుద్ధకాలపు కొరత:
మొదటి ప్రపంచయుద్ధంలో నార్వే తటస్థంగా ఉన్నా, దిగుమతులకు ఆటంకం కలగడంతో ముడిసరుకుల కొరత తప్పలేదు. 1917లో ప్రభుత్వం దేశీయ వనరుల అన్వేషణను గోల్డ్‌ష్మిట్‌కు అప్పగించింది. అందుకోసం ఏర్పడిన ముడిసరుకుల ప్రయోగశాలకు ఆయనే సారథ్యం వహించారు. మూలకాలు ఎక్కడ దొరుకుతాయని వెదుకుతూ, అవి అక్కడే ఎందుకుంటాయన్న మౌలిక ప్రశ్నను ఆయన చేపట్టారు. ఎక్స్-కిరణ వివర్తన పద్ధతితో ఆయన, సహచరులు అనేక సమ్మేళనాల స్ఫటిక నిర్మాణాలను పరిశీలించారు. మూలకాల పంపిణీ నియమాలపై 1923లో మొదలైన ఆయన గ్రంథమాల 1938లో తొమ్మిదవ భాగంతో ముగిసింది.

4. అయాను పరిమాణ సూత్రం:
1926లో ఆయన అయాను వ్యాసార్ధాల పట్టికను ప్రకటించారు. స్ఫటికంలో ఒక అయాను స్థానాన్ని మరొకటి ఆక్రమించాలంటే రెండింటి పరిమాణాలు దగ్గరగా ఉండాలి. వ్యాసార్ధాల మధ్య తేడా సుమారు 15 శాతం లోపు ఉంటే ప్రతిస్థాపన సులభమవుతుంది. విద్యుదావేశాలు భిన్నమైతే ఆ లోటును మరొక ప్రతిస్థాపన పూరించాలి. ప్లేజియోక్లేజ్ ఫెల్డ్‌స్పార్‌లో సోడియం స్థానంలోకి కాల్షియం వచ్చినప్పుడు సిలికాన్ స్థానంలోకి అల్యూమినియం రావడం ఇందుకు ఉదాహరణ.

హాఫ్నియం ఉదంతం ఈ సూత్రాన్ని మరింత స్పష్టం చేస్తుంది. జిర్కోనియం ఖనిజాలలోనే ఉన్నప్పటికీ ఈ మూలకం 1923 వరకు గుర్తింపునకు రాలేదు. లాంథనైడ్ శ్రేణిలో పరమాణు సంఖ్య పెరిగేకొద్దీ అయాను పరిమాణం తగ్గుతుంది. ఈ సంకోచం ఫలితంగా హాఫ్నియం అయాను జిర్కోనియం అయానుతో దాదాపు సమానమై, దాని స్ఫటికంలోనే ఇమిడిపోతుంది. ఆ దృగ్విషయానికి లాంథనైడ్ సంకోచమని పేరు పెట్టినది గోల్డ్‌ష్మిటే. మూలకాలను ఇనుముతో చేరేవి, గంధకంతో చేరేవి, సిలికేట్లలో చేరేవి, వాతావరణంలో ఉండేవి అని ఆయన చేసిన నాలుగు విధాల విభజన నేటికీ పాఠ్యాంశంగా ఉంది.

5. నిర్బంధం, ప్రవాసం:
1929లో జర్మనీలోని గోట్టింగెన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళిన గోల్డ్‌ష్మిట్, యూదు వ్యతిరేకత తీవ్రమవడంతో 1935లో రాజీనామా చేసి ఓస్లోకు తిరిగివచ్చారు. నార్వే జర్మన్ ఆక్రమణలో ఉన్న 1942లో ఆయనను అరెస్టు చేసి బెర్గ్ శిబిరంలో నిర్బంధించారు. నవంబరు 26న 500 మందికి పైగా యూదులను ఓస్లో రేవు నుండి డోనావ్ నౌకలో తరలించారు. వారిలో అత్యధికులు ఆష్‌విట్జ్‌లో హతులయ్యారు. గోల్డ్‌ష్మిట్‌ను మాత్రం రేవులోనే వేరుచేసి విడిచిపెట్టారు. ఆయన శాస్త్రజ్ఞానం దేశానికి అత్యవసరమని సహోద్యోగులు చేసిన వాదన అందుకు కారణమని జీవితచరిత్రకారులు పేర్కొంటారు. డిసెంబరులో ఆయన స్వీడన్‌కు తప్పించుకొని, 1943లో బ్రిటన్ చేరారు. అక్కడ అబర్డీన్‌లోని మెకాలే సంస్థలోను, తరువాత రోథమ్‌స్టెడ్‌లోను మృత్తికా పరిశోధనలో పాల్గొన్నారు. 1946లో ఓస్లోకు తిరిగివెళ్ళి, 1947 మార్చి 20న మరణించారు. అసంపూర్ణంగా మిగిలిన ఆయన 'జియోకెమిస్ట్రీ' గ్రంథం అలెక్స్ మ్యూర్ సంపాదకత్వంలో 1954లో వెలువడింది.

6. సిద్ధాంతం పరిధి:
అయానును గట్టి గోళంగా భావించడం గోల్డ్‌ష్మిట్ నియమాల బలం, పరిమితి కూడా. బంధంలో సమయోజనీయ స్వభావం ఎక్కువైనప్పుడు పరిమాణం ఒక్కటే చాలదు. ఋణవిద్యుదాత్మకతను కూడా గణించాలని 1955లో రింగ్‌వుడ్ ప్రతిపాదించారు. అయినా గోల్డ్‌ష్మిట్ రూపొందించిన సహనగుణకం పెరోవ్‌స్కైట్ సౌరఘటాల పరిశోధనలో నేటికీ తొలి పరీక్షగా నిలిచింది.

ముగింపు:
అనువర్తిత పరిశోధన, మౌలిక పరిశోధన పరస్పర విరుద్ధాలన్న అభిప్రాయాన్ని గోల్డ్‌ష్మిట్ కృషి బలపరచదు. ముడిసరుకుల కొరత ఆయనకు ప్రయోగశాలను సమకూర్చింది. ఆ ప్రయోగశాల నుండి అయాను వ్యాసార్ధాల పట్టిక వెలువడింది. అయితే ఆ జ్ఞానాన్ని వాడుకున్న దేశంలోనే, ప్రాణం నిలుపుకోవడానికి ఆయన ప్రయోజనకారి అని నిరూపించవలసి వచ్చింది. అదే రేవు నుండి తరలిపోయిన మిగతావారికి అటువంటి వాదన వినిపించే అవకాశం లేకపోయింది. ఆయన జీవితాన్ని అధ్యయనం చేసేవారు ఈ రెండు విషయాలనూ కలిపి పరిశీలించవలసి ఉంటుంది.