గుంటూరులో దొరికిన కిటుకు

పుష్యమాసపు రాత్రి తిరువూరులో తలెత్తి చూస్తే ఆర్ద్రా నక్షత్రం ఎర్రగా మెరుస్తుంది. కాలనీ దీపాలెన్ని వెలిగినా దానికి లోటు లేదు. దానికి తూర్పుగా, చేయి చాచి పట్టిన పిడికిలంత ఎడంలో రోజెట్ నెబ్యులా ఉంది. వెడల్పులో పున్నమి చంద్రుడికి రెట్టింపు పైమాటే. అయినా కంటికి ఆనదు.

సుమారు 5,000 కాంతి సంవత్సరాల అవతలి హైడ్రోజన్ మేఘమది. నడుమనున్న పడుచు నక్షత్రాల అతినీలలోహిత కాంతి తగిలి, 656.3 నానోమీటర్ల దగ్గర ఎర్రగా వెలుగుతుంది. వీధిదీపం వెలుగు రంగులన్నిటిలోకీ పరుచుకుంటుంది. నెబ్యులా వెలుగులో పెద్ద వాటా ఆ ఒక్క గీతలోనే పోగవుతుంది. కెమెరా ముందు ఆ గీతను మాత్రమే రానిచ్చే ఫిల్టరు పెడితే, ఊరి వెలుగు చాలావరకు బయటే ఆగిపోతుంది.

ఈ కిటుకు మన నేల మీదే దొరికింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఖగోళ శాస్త్రజ్ఞుడు పాగ్సన్ మచిలీపట్నంలో, ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరులో మకాం వేశారు. సూర్యుడి అంచున ఎగసిన జ్వాలలు స్పెక్ట్రోస్కోపులో ధగధగలాడే గీతలుగా కనిపించాయి. ఇంత ప్రకాశమున్న గీతలు గ్రహణం లేకున్నా కనిపించాలి కదా అనుకున్నాడు జాన్సెన్. మర్నాడు పొద్దున్నే, నిండు ఎండలో, చూడనే చూశాడు! ఆ గ్రహణం పేరెత్తితే అందరూ ఆ గీతల్లో హీలియం జాడ దొరికిన కథే చెబుతారు. నా మటుకు నాకు ఆ మర్నాటి ఉదయమే గొప్పది.

పెరట్లో నెబ్యులాను ఫొటో తీసే పని మాత్రం ఓపికతో కూడినది. మామూలు కెమెరా ఈ ఎరుపును చాలావరకు అడ్డుకుంటుంది. లోపలి ఫిల్టరు గాజును మార్పించాలి. భూభ్రమణానికి తగ్గట్టు కెమెరాను తిప్పే మౌంటును ధ్రువనక్షత్రం వైపు సరిచేయాలి. ఇక్కడ ధ్రువుడు ఉత్తరాన 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, ఒక్క కొబ్బరిచెట్టు చాలు దాచేయడానికి. కానీ రోజెట్ దాదాపు నడినెత్తి మీదుగా సాగుతుంది. గాలిపొర పలచగా ఉండే చోటు అదే. మామిడి పూతకొచ్చే ఆ రోజుల్లో లెన్సు మీద మంచు పేరుకుంటుంది. చుట్టూ వెచ్చని పట్టీ కట్టాలి. ఒక్కో ఫొటోకు అయిదేసి నిమిషాల చొప్పున గంటల తరబడి తీసి, అన్నిటినీ కంప్యూటరులో ఒకదానిపై ఒకటి పేర్చాలి. ఫొటోలు నాలుగింతలైతే బొమ్మలోని గరుకు సగానికి తగ్గుతుంది.

అప్పుడు ఎర్రటి వలయం పైకి తేలుతుంది. నడుమ ఖాళీ, పడుచు నక్షత్రాల గాలులు వాయువును తోసేసిన జాగా. దాని అంచున నల్లటి మరకల్లా ఉన్నవి ధూళి ముద్దలు, ఇంకా కరిగిపోకుండా ఆ వెలుగుకు ఎదురు నిలిచినవి.