కొత్త కంప్యూటర్... తడబడే పాట

లక్ష రూపాయలు పోసి కొన్న కొత్త సిస్టమ్. పెద్ద పెద్ద గేములు పరుగులు తీస్తాయి, వీడియోలు చిటికెలో ఎడిట్ అవుతాయి. తీరా ఓ పాట పెడితే మాత్రం నడుమనడుమ ‘టిక్’ మంటుంది. ఒక్కోసారి పల్లవి సగంలో ఆగి మళ్లీ అందుకుంటుంది. స్పీకర్లు మార్చినా, వైర్లు మార్చినా అదే వరస. కంప్యూటర్ ఎంత వేగంగా పనిచేస్తుందన్నది ఒక లెక్క, అడిగిన వేళకు పని అందిస్తుందా అన్నది ఇంకో లెక్క. ధ్వనికి ముఖ్యం రెండోదే. ఆ వేళ ఎక్కడెక్కడ, ఎందుకు తప్పుతుందో చెప్పే విశేషాలు ఇవిగో.

గడువు 5 మిల్లీసెకన్లు

కంప్యూటర్‌లో ధ్వని అంటే సాధారణంగా సెకనుకు 48,000 శాంపిళ్లు. వాటిని ఒక్కొక్కటిగా కాక గుత్తులుగా సౌండ్ కార్డుకు అందిస్తారు. ఆ గుత్తిని దాచి ఉంచే చోటే బఫర్. బఫర్ 256 శాంపిళ్లయితే ఒక్కో గుత్తికి గడువు 5.3 మిల్లీసెకన్లు. ఆ కాస్త వ్యవధిలోనే 4 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ గడియారం 2 కోట్లకు పైగా సార్లు కొట్టుకుంటుంది. అంతటి దానికి ఇదో పనా అనిపిస్తుంది. అయితే గడువు వేళకు గుత్తి రాకపోతే సౌండ్ కార్డు ఎవరి కోసమూ ఆగదు, ఆ ఖాళీనే వినిపించేస్తుంది. మన చెవికి తగిలే ‘టిక్’ అదే.

పెద్ద ట్యాంకు, చిన్న ట్యాంకు

బఫర్‌ను మేడ మీది నీళ్ల ట్యాంకు అనుకోండి. ట్యాంకు పెద్దదైతే కరెంటు పోయి మోటారు ఆగినా కుళాయి ధార తెగదు. కాకపోతే ఇప్పుడు ఎక్కిన నీళ్లు కుళాయిలోకి రావడానికి చాలాసేపు పడుతుంది. అందుకే బఫర్ పెంచితే చిటపటలు తగ్గుతాయి, ఆలస్యం పెరుగుతుంది. 64 శాంపిళ్ల దగ్గర 1.3 మిల్లీసెకన్లున్న ఆలస్యం 1,024 దగ్గర 21 దాటుతుంది. రికార్డింగ్ చేసేవాళ్లు పాడేటప్పుడు బఫర్ తగ్గించి, మిక్సింగ్‌కు కూర్చున్నప్పుడు పెంచేది ఇందుకే.

గాలిలోనూ ఆలస్యమే

గాలిలో ధ్వని సెకనుకు దాదాపు 343 మీటర్లు వెళుతుంది. అంటే 10 మిల్లీసెకన్లలో మూడున్నర మీటర్లు. కచేరీ వేదిక మీద అంత దూరంలో కూర్చున్న ఇద్దరు కళాకారులు ఒకరి వాద్యం ఒకరు ఎప్పుడూ 10 మిల్లీసెకన్లు ఆలస్యంగానే వింటారు. తాళం మాత్రం తప్పరు. కాబట్టి సాఫ్ట్‌వేర్‌లో 8 అనో 10 అనో కనబడగానే కంగారు పడక్కర్లేదు.

ముందొస్తే తప్పు, వెనకొస్తే ఓర్పు

సినిమాలో పెదవుల కదలికకూ మాటకూ తేడా వస్తే ఎంతలో పట్టేస్తాం? అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ప్రమాణం ప్రకారం, మాట ముందుగా వస్తే 45 మిల్లీసెకన్లకే తేడా తెలుస్తుంది. వెనకబడితే 125 దాకా తెలియదు. వెలుగు కంటే ధ్వని నెమ్మది కనుక దూరంగా జరిగేదేదైనా ముందు కనబడి తరవాతే వినబడుతుంది. పుట్టినప్పటి నుంచీ మన మెదడుకు అది అలవాటే.

ఖాళీగా ఉన్నట్టే ఉంటుంది, పని కాదు

టాస్క్ మేనేజర్ తెరిస్తే ప్రాసెసర్ వాడకం 5 శాతం కూడా ఉండదు. అయినా పాట తెగుతుంది. నెట్‌వర్క్ కార్డు, గ్రాఫిక్స్ కార్డు వంటివి పని పడగానే ప్రాసెసర్‌ను ‘ఇంటరప్ట్’తో పిలుస్తాయి. అత్యవసరమైనంత వరకు అక్కడికక్కడే ముగించి, మిగతా పనిని డ్రైవర్ కాసేపు వాయిదా వేస్తుంది. ఈ వాయిదా పనినే విండోస్‌లో ‘డీపీసీ’ అంటారు. అది నడుస్తున్నంతసేపూ ఆ కోర్ మీద పాట ప్లేయర్‌తో సహా మామూలు ప్రోగ్రాములేవీ కదలవు. ఇంటరప్ట్ పని 25 మైక్రోసెకన్లు, డీపీసీ 100 మైక్రోసెకన్లు దాటకూడదన్నది డ్రైవర్లు రాసేవాళ్లకు మైక్రోసాఫ్ట్ ఇచ్చిన సలహా. ఒక్క డ్రైవర్ దాన్ని పెడచెవిన పెట్టి కొన్ని మిల్లీసెకన్లు కూర్చుందంటే చాలు, పాట గడువు దాటిపోతుంది.

ఇంటిదొంగను పట్టే పద్ధతి

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కానీ, ఇక్కడ పట్టడానికి ‘లేటెన్సీమాన్’ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. ఇంట్లో వాడుకోవడానికి ఉచితం. తెరిచి స్టార్ట్ నొక్కి, పాట పెట్టి, మామూలుగా పని చేసుకుంటూ పది పదిహేను నిమిషాలు వదిలేయండి. పచ్చగా ఉన్న పట్టీలు ఎర్రబడితే ‘డ్రైవర్స్’ ట్యాబ్‌కు వెళ్లి, ఎక్కువ సమయం తీసుకున్నవి పైకి వచ్చేలా వరస మార్చండి. పైన ‘ఎన్‌వీఎల్‌డీడీఎంకేఎం’ అని ఉంటే అది ఎన్విడియా గ్రాఫిక్స్ డ్రైవర్. ‘స్టోర్‌పోర్ట్’ అంటే డిస్కు వైపు. ‘ఏసీపీఐ’ అంటే పవర్, బ్యాటరీ వ్యవహారం.

తరచూ కనబడే ‘ఎన్‌డీఐఎస్’ దగ్గర కాస్త జాగ్రత్త. అది మైక్రోసాఫ్ట్ సొంత నెట్‌వర్క్ పొర. పేరు దానిది పడినా తప్పు ఎక్కువగా దాని కింద పనిచేసే వైఫై కార్డు డ్రైవర్‌ది. తేల్చుకోవడం తేలికే. డివైస్ మేనేజర్‌లో వైఫై అడాప్టర్ మీద రైట్ క్లిక్ చేసి డిజేబుల్ చేయండి, అదే పరీక్ష మళ్లీ పెట్టండి. పట్టీలు పచ్చగానే ఉండిపోతే దొంగ దొరికినట్టే. కార్డు తయారీదారు సైట్ నుంచి తాజా డ్రైవర్ వేసి వైఫైని మళ్లీ ఆన్ చేసుకోవచ్చు.

వెయ్యి చూపే పాత మీటరు

ఇదే పనికి ఒకప్పుడు ‘డీపీసీ లేటెన్సీ చెకర్’ అనే చిన్న సాఫ్ట్‌వేర్ పేరు మోగిపోయింది. విండోస్ 8 నుంచి లోపలి టైమర్ల తీరు మారడంతో అది ఏ లోపమూ లేని సిస్టమ్‌లోనూ 1,000 మైక్రోసెకన్ల దగ్గరే నిలబడుతుంది. ఆ అంకె చూసి బాగున్న కంప్యూటర్‌ను షాపుకు మోసుకెళ్లకండి.

పాట పెడితే ఫైలు కాపీ నెమ్మదించిన కథ

2007లో విండోస్ విస్టా వచ్చిన కొత్తలో ఓ వింత బయటపడింది. పాట మోగుతుంటే నెట్‌వర్క్‌లో ఫైళ్ల కాపీ చతికిలబడేది. పాట తెగకుండా ఉండాలని, ఏదైనా మోగుతున్నంతసేపు మిల్లీసెకనుకు 10 నెట్‌వర్క్ ప్యాకెట్లు మించి తీసుకోకుండా విస్టా అడ్డుకట్ట వేసింది. కారణాన్ని మైక్రోసాఫ్ట్ ఇంజినీరు మార్క్ రుసినోవిచ్ లోపలి లెక్కలతో సహా వివరించారు. అప్పటికే గిగాబిట్ నెట్‌వర్కులు ఇళ్లలోకి రావడంతో ఆ పరిమితి ఏ మూలకూ సరిపోలేదు.

తప్పు బోర్డుదైతే

కొన్నిసార్లు విండోస్‌ను ఎన్నిసార్లు తిరగేసినా లాభం ఉండదు. 2021 ఫిబ్రవరిలో ఏఎండీ సంస్థ తన 500 సిరీస్ చిప్‌సెట్ ఉన్న మదర్‌బోర్డుల్లో యూఎస్‌బీ పరికరాలు ఉన్నట్టుండి తెగిపోవడం, యూఎస్‌బీ ఆడియో చిటపటలాడటం గురించిన ఫిర్యాదులపై దృష్టి పెట్టింది. ఆ వసంతంలోనే బోర్డు సొంత సాఫ్ట్‌వేర్ ‘బయోస్’ అప్‌డేట్‌తో దిద్దుబాటు వచ్చింది. 2022 మార్చిలో ఇంకోటి. ఏఎండీ రైజెన్ ప్రాసెసర్లున్న కొన్ని సిస్టమ్‌లలో భద్రత చూసుకునే ‘ఎఫ్‌టీపీఎం’ బోర్డు మీది ఫ్లాష్ చిప్‌తో అప్పుడప్పుడు మాటామంతీ సాగిస్తూ సిస్టమ్ మొత్తాన్నీ క్షణకాలం నిలబెట్టేస్తోందని ఆ సంస్థే ఒప్పుకుంది. దానికీ బయోస్ అప్‌డేటే మందు. అప్‌డేట్ చేసే ముందు, డిస్కుకు తాళం వేసే ‘బిట్‌లాకర్’ రికవరీ కీ ఎక్కడైనా రాసిపెట్టుకోవడం మరవద్దు. లేదంటే సౌండ్ సంగతి తరవాత, సిస్టమ్ లోపలికే వెళ్లలేరు.

రంగుకూ రాగానికీ సంబంధం

గ్రాఫిక్స్ కార్డు సెట్టింగులో రంగును 8 బిట్లకు పెడితే, 10 బిట్లకు పెట్టినప్పటి కంటే డీపీసీ ఆలస్యం పెరుగుతోందని ఎన్విడియా కొన్ని డ్రైవర్ల విడుదల నోట్సులో తానే రాసుకుంది. మానిటర్ రంగు మారిస్తే పాట బాగుపడుతుందని ఎవరు ఊహిస్తారు!

హార్డ్ డిస్కు చేసే రేడియో అల్లరి

యూఎస్‌బీ 3.0 పరికరాలు, కేబుళ్లు పనిచేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో రేడియో రొద పుట్టిస్తాయని 2012లో ఇంటెల్ ఓ పత్రం విడుదల చేసింది. బ్లూటూత్, చాలా వైర్‌లెస్ మౌసులు, పాత వైఫై అన్నీ నడిచేది అక్కడే. పోర్టబుల్ హార్డ్ డిస్కు పెట్టిన పోర్టు పక్కనే బ్లూటూత్ డాంగిల్ గుచ్చితే హెడ్‌ఫోన్‌లో పాట ముక్కలవడం మామూలే. ఓ చిన్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో డాంగిల్‌ను కాస్త దూరం జరిపితే తరచూ అక్కడితో పోతుంది.

మీటింగ్ మొదలైతే పాట పాడైపోతుంది

బ్లూటూత్ హెడ్‌సెట్‌లో పాట కమ్మగా వినిపిస్తుంటుంది. మీటింగ్ యాప్ తెరవగానే పాత ల్యాండ్‌లైన్ ఫోనులో విన్నట్టు మారిపోతుంది. పాటలకు ఎక్కువగా వాడే పద్ధతిలో మైకుకు చోటు లేదు. మైకు ఆన్ కాగానే హెడ్‌సెట్ ఫోన్ కాల్ పద్ధతికి మారి, సెకనుకు 8,000 లేదా 16,000 శాంపిళ్ల మోనోకు పడిపోతుంది. మాట్లాడటానికి ల్యాప్‌టాప్ సొంత మైకును ఎంచుకుంటే చెవిలో పాట పాటలాగే ఉంటుంది.

44,100 ఎక్కడిది?

సీడీలో సెకనుకు 44,100 శాంపిళ్లు. డిజిటల్ ధ్వనిని తొలిరోజుల్లో వీడియో టేపు మీద రాసేవారు. గీతకు 3 శాంపిళ్ల చొప్పున, సెకనుకు 50 ఫీల్డుల వీడియోలో 294 గీతలు వాడినా, 60 ఫీల్డుల వీడియోలో 245 గీతలు వాడినా లెక్క సరిగ్గా 44,100 దగ్గరే కలుస్తుంది. వీడియో ప్రపంచం తరవాత 48,000 వైపు నడిచింది. ఈ రెండిటి మధ్య మార్పిడి జరగకుండా ఒకదాన్ని ఇంకోదానిలా మోగిస్తే శ్రుతి దాదాపు ఒకటిన్నర స్వరస్థానం అటో ఇటో జరుగుతుంది. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లోనూ, విండోస్ సౌండ్ సెట్టింగులోనూ ఒకే అంకె ఉందో లేదో చూసుకోవడం అందుకే.

ప్రింటర్‌తో పేచీ

ఇవి ఇవాళ్టి కష్టాలు కావు. 1989లో వచ్చిన సౌండ్ బ్లాస్టర్ కార్డు మొదట్లో వాడుకున్న ఇంటరప్ట్ నంబరు 7. ప్రింటర్ పోర్టు నంబరూ అదే! కార్డు మీది బుల్లి జంపర్‌ను పీకి ఇంకో చోట గుచ్చి, ఆ కొత్త నంబరును డాస్‌కు చెబితే తప్ప పేచీ తెగేది కాదు.

విండోస్ 10తో పన్నెండు ఒకటయింది

విండోస్ సొంత ఆడియో ఇంజిన్ చుట్టూ తిరిగి రాకుండా సౌండ్ కార్డుతో నేరుగా మాట్లాడేందుకు 1997లో స్టైన్‌బర్గ్ సంస్థ ‘ఆసియో’ తెచ్చింది. స్టూడియోలు నేటికీ దాని మీదే నడుస్తున్నాయి. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం ఆ ఇంజిన్‌లో ఒకప్పుడు సుమారు 12 మిల్లీసెకన్ల దాకా ఉన్న ఆలస్యం విండోస్ 10లో 1.3కు దిగింది. లైనక్స్‌లోనైతే వేళ తప్పకుండా పనిచేయించే ‘రియల్ టైమ్’ మార్పులు దాదాపు ఇరవై ఏళ్లు బయటి ప్యాచ్‌లుగానే ఉండి, 2024లో 6.12 వెర్షన్‌తో అసలు కెర్నెల్‌లో చేరాయి.

మన గొంతే మనకు అడ్డం

హెడ్‌ఫోన్‌లో మన మాట మనకే సుమారు 200 మిల్లీసెకన్లు ఆలస్యంగా వినిపిస్తే చక్కగా మాట్లాడేవాళ్లకూ నాలుక తడబడుతుంది. ఈ సూత్రంతోనే ఎదుటివాళ్ల నోరు మూయించే ‘స్పీచ్ జామర్’ చేసి ఇద్దరు జపాన్ పరిశోధకులు 2012లో ఇగ్ నోబెల్ బహుమతి కొట్టేశారు. పాట రికార్డు చేస్తూ మీ గొంతు మీకే అడ్డం పడుతుంటే ఆడియో ఇంటర్‌ఫేస్ మీద ‘డైరెక్ట్ మానిటర్’ మీట కోసం చూడండి. అది మైకు ధ్వనిని కంప్యూటర్ దాకా పంపకుండానే నేరుగా చెవికి అందిస్తుంది.

న్యూజెర్సీ శిష్యురాలు, హైదరాబాద్ గురువు

ఆన్‌లైన్ సంగీతం క్లాసులో గురువు, శిష్యురాలు కలిసి ఎందుకు పాడలేరు? రెండు ఊళ్ల మధ్య దాదాపు 13 వేల కిలోమీటర్లు. ఫైబర్‌లో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. గీత గీసినట్టు కేబుల్ వేసినా పోను 65, రాను 65 మిల్లీసెకన్లు. ఏ కంప్యూటర్ కొన్నా ఇది తగ్గదు. అందుకే గురువు పాడి ఆపాకే శిష్యురాలు అందుకోవడం. పైగా మీటింగ్ యాప్‌లు తంబురా నాదాన్ని ఫ్యాను హోరు అనుకుని చెరిపేస్తాయి. జూమ్‌లో సంగీతకారుల కోసమే ఉన్న ‘ఒరిజినల్ సౌండ్’ ఆన్ చేస్తే శ్రుతి బతుకుతుంది.

గుయ్‌మనేది వేరే జబ్బు

ఛార్జర్ పెట్టగానే స్పీకర్లలో ఆగకుండా ‘గుయ్’మని మోగి, తీయగానే ఆగిపోతే అది ఎర్తింగ్ లోపం. మన కరెంటు 50 హెర్ట్జ్ లయ అందులో వినబడుతుంది. డ్రైవర్లు మార్చి ప్రయోజనం లేదు. బ్యాటరీ మీద ఉన్నప్పుడే పాట తెగుతుంటే మాత్రం పవర్ పొదుపును అనుమానించాలి. పవర్ ప్లాన్ ‘హై పెర్ఫార్మెన్స్’కు మార్చి, యూఎస్‌బీ పోర్టులను నిద్రపుచ్చే ‘సెలెక్టివ్ సస్పెండ్’ ఆపి చూడండి.

అసలు మీకేం కావాలి?

పాటలు వినడానికీ, సినిమాలు చూడటానికీ ఆలస్యం అడ్డే కాదు. ప్లేయర్లు బొమ్మను కూడా అంతే ఆపి ధ్వనితో కలిపేయగలవు. అలాంటివాళ్లు ప్లేయర్‌లో బఫర్ ధారాళంగా పెంచుకోవచ్చు. పాడేవాళ్లకు, కీబోర్డు వాయించేవాళ్లకు, గేములు ఆడేవాళ్లకు మాత్రమే తక్కువ ఆలస్యంతో పని. వాళ్లు కొత్త సిస్టమ్ ఇంటికి రాగానే, వాపసు గడువు ఉండగానే లేటెన్సీమాన్ పరీక్ష పెట్టుకోవాలి. డ్రైవర్లు, బయోస్ మార్చినా ఎరుపు వదలకపోతే ఆ ఫలితం ఫొటో తీసి అమ్మినవాళ్లకు చూపించండి. ‘ఏదో టిక్ టిక్ మంటోందండీ’ అనే మాట కంటే ఆ ఫొటోకు జవాబు త్వరగా దొరుకుతుంది.