వలస పిట్టలొచ్చాయి... గుళికలతో జాగ్రత్త!

అల్లవరం మండలం ఓడలరేవు దగ్గర వైనతేయ గోదావరి సముద్రంలో కలుస్తుంది. ధనుర్మాసం పొద్దున్నే పాటు వేళకి అక్కడికెళ్లి చూడండి. తేలిన బురద మీద ఉల్లంకులు గుంపులుగా పురుగులు ఏరుకుంటూ కనిపిస్తాయి. ఉత్తరాది చలికి తట్టుకోలేక వచ్చిన చుట్టాలివి. ఎండలు ముదిరేలోగా వెళ్లిపోతాయి.

అక్కణ్ణించి పొలాల వైపు రండి. దాళ్వాకి దమ్ము చేస్తుంటే ట్రాక్టరు వెనకాలే తెల్లకొంగలు పైకొచ్చిన పురుగుల్ని తింటుంటాయి. కరెంటు తీగ మీది ఏట్రింత ఎగిరే పురుగుల్ని పట్టేస్తుంది. రాత్రయితే ఎలుకల పని గుడ్లగూబ చూసుకుంటుంది. అపశకునమంటూ దాన్ని తరమకండి. ఇవన్నీ మనకి కూలి అడగని పాలేళ్లే.

వీటికి అసలు ముప్పు మన మందులతోనే. కార్బోఫ్యూరాన్ గుళికల్ని పిట్టలు గింజలనుకుని మింగుతాయి. చిన్న పిట్ట చావడానికి ఒక్క గుళిక చాలు. ఈ కారణంగానే అమెరికాలో 1994 నాటికి ఆ గుళికల వాడకాన్ని చాలావరకు ఆపేశారు.

అందుచేత రైతు సోదరులు ఈ జాగ్రత్తలు పాటించాలి:

* గుళికలు అవసరమైతేనే, సిఫారసు చేసిన మోతాదులోనే వెయ్యండి. గట్ల మీద ఒలికితే వెంటనే మట్టిలో పూడ్చండి.
* ఎలుకలకి వీలైనంత వరకు బుట్టలు పెట్టించండి. మందు పెడితే చచ్చిన ఎలుకల్ని ఏరి పాతెయ్యండి. వాటిని తింటే గుడ్లగూబా చస్తుంది.
* కూరగాయల చేలో అక్కడక్కడా పిట్టలు వాలడానికి కర్రలు పాతండి.
* మాంసం కోసం విషపు గింజలు చల్లనివ్వకండి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం. ఆ మాంసం తిన్నవారికీ ప్రమాదమే.

పురుగుని పిట్ట తింటే మందు డబ్బు మీ జేబులోనే మిగులుతుంది.