దిగేటప్పుడు గేరు తీయకండి

మైలేజీ గురించి మాకు వచ్చే ఉత్తరాల్లో చాలావాటికి ఒక్క వాక్యంలో జవాబు చెప్పేయవచ్చు. తిరుపతి నుంచి ఒక పాఠకుడు రాసిన ఈ ఉత్తరాన్ని మాత్రం అలా వదలబుద్ధి కాలేదు. "కొండ దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదిలేస్తే పెట్రోలు మిగులుతుందని మా పెదనాన్నగారు అంటారు. ఆయన జీవితమంతా అంబాసిడర్ టాక్సీ నడిపారు. నాకు కారు నేర్పిన మాస్టారు మాత్రం గేరులోనే దిగాలని, న్యూట్రల్‌లో దిగితే ప్రమాదమని చెప్పారు. ప్రమాదం సంగతి అర్థమైంది. మరి పెట్రోలు సంగతి ఏమిటి?"

జవాబు ముందే చెప్పేస్తాను. ఈనాటి కారులో గేరులో దిగితేనే పెట్రోలు మిగులుతుంది. అదీ కొద్దిగా కాదు, కాలు ఎక్స్‌లేటర్ మీద లేనంతసేపూ ఖర్చు సున్నా. అయితే పెదనాన్నగారు చెప్పిందీ ఆయన కాలానికి నిజమే. ఒకే కొండ మీద, ఒకే పల్లంలో, ఒక తరం ఇంజిన్‌కు పనికొచ్చిన సలహా తర్వాతి తరం ఇంజిన్‌కు ఎలా తలకిందులైందన్నది మోటారు వాహనాల చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ.

ముందు లెక్కలు. లీటరు పెట్రోలులో దాదాపు 9 యూనిట్ల కరెంటుకు సమానమైన శక్తి ఉంటుంది. ఊళ్ళో ట్రాఫిక్‌లో తిరిగే కారు అందులో ఐదో వంతును చక్రాల దాకా చేర్చగలిగితే గొప్ప. మిగిలినదంతా రేడియేటర్ నుంచి, సైలెన్సర్ నుంచి వేడిగా పోతుంది. చక్రాలకు చేరిన ఆ కాస్తనూ గాలి, టైర్లు, బ్రేకులు పంచుకుంటాయి. ఈ అధ్యాయం ఏ పాఠ్యపుస్తకంలోనైనా దొరుకుతుంది కాబట్టి ఇక్కడితో వదిలేస్తున్నాను.

ఇక అసలు యంత్రం దగ్గరికి వద్దాం. ఈనాటి పెట్రోలు ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ ముందూ ఒక ఇంజెక్టర్ ఉంటుంది. అదొక బుల్లి కరెంటు కవాటం. కంప్యూటర్ నుంచి సంకేతం వచ్చినప్పుడు సెకనులో వెయ్యోవంతులు రెండు మూడు తెరుచుకుని, పెట్రోలును పిచికారీ చేసి మూసుకుంటుంది. బండి నిలబడి ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు నాలుగు సిలిండర్లలో కలిపి నిమిషానికి సుమారు 1,600 పిచికారీలు జరుగుతాయి. ఒక్కోదానిలో ఒక చుక్కలో ఎనిమిదో వంతు పెట్రోలు ఉంటుంది. వినడానికి ఎంతో తక్కువ అనిపిస్తుంది, కానీ చిన్న కారు ఊరికే గంటసేపు ఆడితే అరలీటరు దాటిపోతుంది.

ఇప్పుడు కారు పల్లంలో ఉంది, రెండో గేరులో ఉంది, మీరు ఎక్స్‌లేటర్ మీది నుంచి కాలు తీశారు. కంప్యూటర్‌కు మూడు వార్తలు అందుతాయి. గాలి లోపలికి పోయే దారిలోని పలక, అంటే థ్రాటిల్, పూర్తిగా మూసి ఉంది. ఇంజిన్ ఇరుసు అయిన క్రాంక్‌షాఫ్ట్ నిమిషానికి 2,000 చుట్లకు పైగా తిరుగుతోంది. ఇంజిన్ వేడెక్కి ఉంది. ఈ మూడూ కలిస్తే దాని నిర్ణయం సూటిగా ఉంటుంది: ఇంజిన్‌ను తిప్పుతున్నది పెట్రోలు కాదు, చక్రాలు. కాబట్టి ఇంజెక్టర్లు తెరవనక్కరలేదు. పిచికారీ ఆగిపోతుంది. పెట్రోలు పంపు పనిచేస్తూనే ఉంటుంది, స్పార్క్ ప్లగ్గులు నిప్పు రవ్వలు రాలుస్తూనే ఉంటాయి, పిస్టన్లు పైకీ కిందికీ ఆడుతూనే ఉంటాయి. కానీ లోపలికి పోయేది గాలి, బయటికి వచ్చేదీ గాలే. ఇంజిన్ చప్పుడు వినేవాళ్ళకు అది మండటం లేదని తెలియనే తెలియదు.

అదే సమయంలో గేరు తీసి న్యూట్రల్‌లో పెడితే ఏమవుతుంది? చక్రాలకూ ఇంజిన్‌కూ మధ్య లంకె తెగిపోతుంది. చక్రాలు ఇక ఇంజిన్‌ను తిప్పలేవు. ఆగిపోకుండా ఉండాలంటే అది తన పెట్రోలు తానే కాల్చుకోవాలి. కంప్యూటర్ మళ్ళీ నిమిషానికి ఆ 1,600 పిచికారీలు మొదలుపెడుతుంది. పెట్రోలు మిగుల్చుదామని గేరు తీసిన క్షణంలోనే పెట్రోలు ఖర్చు మొదలైందన్న మాట!

ఇంజెక్టర్లు మళ్ళీ తెరుచుకునే క్షణాన్ని మీ ఒంటితోనే గుర్తుపట్టవచ్చు. వెనక బండ్లు లేని చదును రోడ్డు మీద మూడో గేరులో కాలు తీసేయండి. కారు వెనక్కి పట్టి లాగుతున్నట్టు నెమ్మదిస్తుంది. ఇంజిన్ వేగం నిమిషానికి 1,200 చుట్ల దగ్గరికి వచ్చేసరికి ఆ లాగుడు ఉన్నట్టుండి సడలి, బండి కాస్త తేలికైనట్టు అనిపిస్తుంది. ఇంజిన్ ఆగిపోకుండా కంప్యూటర్ పిచికారీ మళ్ళీ మొదలుపెట్టింది అప్పుడే. డ్యాష్‌బోర్డు మీద అప్పటికప్పుడు మైలేజీ చూపించే అంకె ఉన్న కార్లలో అయితే కాలు తీయగానే ఆ అంకె చివరి గీత దాకా ఎగబాకి అక్కడే నిలబడుతుంది. న్యూట్రల్‌లో పెట్టగానే దిగొస్తుంది.

దీన్ని తిరుమల ఘాట్ రోడ్డు మీద లెక్క కడదాం. కార్లు దిగేది మొదటి ఘాట్ రోడ్డు మీదుగా. మోక్షగుండం విశ్వేశ్వరయ్య రూపకల్పనలో 1944లో తయారైన ఆ రోడ్డు సుమారు 19 కిలోమీటర్లు. ఎత్తు తేడా దాదాపు 700 మీటర్లు. మనుషులతో కలిపి 1,300 కిలోలున్న కారు ఆ ఎత్తు దిగితే రెండున్నర యూనిట్ల శక్తి విడుదలవుతుంది. ఆ ఎత్తు ఎక్కించడానికి మాత్రమే మీ ఇంజిన్ లీటరుకు పైగా పెట్రోలు తాగింది. దిగడానికి 40 నిమిషాలు పట్టిందనుకుంటే న్యూట్రల్‌లో 400 మిల్లీలీటర్లు వృథా. గేరులో దిగితే, మలుపుల దగ్గర అక్కడక్కడా కాలు వేయాల్సిన చోట్లు తప్ప, ఖర్చు లేదు. ఒకటో గేరో రెండో గేరో చూసుకుని ఇంజిన్ వేగం పడిపోకుండా ఉంచుకుంటే చాలు.

మరి పెదనాన్నగారి మాట ఎలా నిజమైంది? ఆయన అంబాసిడర్‌లో ఇంజెక్టర్ లేదు, కార్బురేటర్ ఉంది. కార్బురేటర్‌కు ఆలోచన ఉండదు, దానికి తెలిసింది గాలి లాగుడు ఒక్కటే. కాలు తీయగానే థ్రాటిల్ పలక మూసుకుంటుంది. దాని కింద పిస్టన్లు గాలి కోసం లాగుతుంటే అక్కడ శూన్యం లాంటి స్థితి ఏర్పడుతుంది. సరిగ్గా ఆ పలక పక్కనే మెకానిక్కులు స్లో జెట్ అనే సన్నని రంధ్రం నుంచి పెట్రోలు వచ్చే దారి ఉంటుంది. బండి ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ ఆడటానికి పెట్టిన దారి అది. పల్లంలో గేరులో ఇంజిన్ మూడింతల వేగంతో తిరుగుతుంటే ఆ రంధ్రం మీద లాగుడు మరింత బలంగా ఉంటుంది. అవసరం లేకపోయినా పెట్రోలు పీల్చుకుపోతూనే ఉంటుంది. సిలిండర్‌లో సరిగా మండని ఆ పెట్రోలే సైలెన్సర్‌లోకి పోయి టపటపా పేలేది. న్యూట్రల్‌లో పెడితే ఇంజిన్ వేగం తగ్గి ఆ పీల్పూ తగ్గేది. కాబట్టి ఆయనకు పెట్రోలు మిగిలిన మాట నిజం.

ఇక ఇంజెక్టర్ల రాక సంగతి. బాష్ కంపెనీ 1967లో ఫోక్స్‌వాగన్ 1600 కారుకు ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ అమర్చి అమ్మకానికి తెచ్చింది. మన దగ్గర 2000 ఏప్రిల్‌లో పొగ నిబంధనలు బిగిసిన తర్వాతే పెట్రోలు కార్లలో కార్బురేటర్ కథ ముగిసింది. బైకుల్లో, స్కూటర్లలో అది 2020 ఏప్రిల్‌లో వచ్చిన బీఎస్-6 దాకా బతికింది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. పల్లంలో పిచికారీ ఆపేయడానికి పెట్రోలు పొదుపు ఒక్కటే కారణం కాదు. సగం మండిన పెట్రోలు ఆవిరి సైలెన్సర్ దారిలో ఉండి పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండితే ఆ కన్వర్టరే కాలిపోతుంది. దాన్ని కాపాడుకోవడం, పొగ తగ్గించుకోవడం కూడా ఇంజినీర్లకు అంతే ముఖ్యం.

అసలు ఆశ్చర్యం లారీల దగ్గర ఉంది. ఘాట్లలో న్యూట్రల్ అలవాటు బాగా పాతుకుపోయింది లారీ డ్రైవర్లలోనే. పాత రోజుల్లో అది పనికొచ్చిందని వాళ్ళ నమ్మకం. కానీ డీజిల్ ఇంజిన్‌లో కార్బురేటర్ ఏనాడూ లేదు! బాష్ 1927 నుంచి తయారుచేస్తున్న డీజిల్ పంపు, మన దేశంలో మైకో పేరుతో లారీలకు వచ్చిన పంపు, కంప్యూటర్ ఊసే లేని రోజుల్లోనే ఈ పని చేసింది. పంపు చివర గవర్నర్ ఉంటుంది. జేమ్స్ వాట్ 1788లో ఆవిరి యంత్రానికి పెట్టిన గవర్నర్ వంశమే అది. ఇంజిన్‌తో పాటు తిరిగే రెండు బరువులు వేగం పెరిగితే బయటికి విచ్చుకుంటాయి. అవి విచ్చుకుంటే పంపులో డీజిల్ కొలతను మార్చే ర్యాక్ అనే కడ్డీ వెనక్కి జరిగి డీజిల్ తగ్గుతుంది. కాలు తీసి ఉన్నప్పుడు ఆ గవర్నర్ ఇంజిన్‌ను నిదాన వేగంలోనే ఉంచాలని చూస్తుంది. పల్లంలో చక్రాలు ఇంజిన్‌ను అంతకన్నా వేగంగా తిప్పేస్తుంటే ర్యాక్ పూర్తిగా వెనక్కి పోయి డీజిల్ ఆగిపోతుంది. అంటే గేరులో దిగే లారీ ఆనాడు కూడా డీజిల్ తాగలేదు. గేరు తీసిన లారీ తాగింది. అంబాసిడర్‌కు సరిపోయిన సలహాను లారీకి అంటగట్టడం వల్ల అటు డీజిలూ పోయింది, ఇటు బ్రేకులూ పోయాయి.

బ్రేకుల మాట రానే వచ్చింది కాబట్టి ఆ లెక్కా చూద్దాం. తిరుమల దిగే కారు విడుదల చేసే ఆ రెండున్నర యూనిట్లలో యూనిట్ దాకా టైర్లూ గాలీ మింగుతాయి. మిగిలిన యూనిటున్నర ఎటు పోవాలి? గేరులో ఉంటే మూసుకున్న థ్రాటిల్ గుండా గాలి లాగలేక ఇంజిన్ తంటాలు పడుతూ అందులో మంచి భాగాన్ని వేడిగా మార్చి రేడియేటర్‌కూ సైలెన్సర్‌కూ పంపుతుంది. న్యూట్రల్‌లో ఆ మొత్తం బ్రేకు పలకలకే. పద్దెనిమిది లీటర్ల చన్నీళ్ళను మరిగించే వేడి అది. డాట్-3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ఏళ్ళ తరబడి తేమ పీల్చుకున్నాక 140 డిగ్రీలకే మరిగిపోవచ్చు. ఆవిరి బుడగలు నొక్కితే నలుగుతాయి, చక్రాన్ని పట్టవు. పెడల్ నేల దాకా పోతుంది. ఇంజిన్ కూడా ఆపేసి దిగే మహానుభావులకు బ్రేకు బూస్టర్ సాయం రెండు మూడు నొక్కుల్లో అయిపోతుంది. బ్రిటన్ హైవే కోడ్ 122వ నియమంలో న్యూట్రల్‌లో దొర్లడం మీద విడిగా హెచ్చరిక పెట్టింది ఇందుకే.

న్యూట్రల్ గెలిచే చోటు ఒకటుంది, అది కూడా చెప్పాలి. వాలు చాలా తక్కువగా ఉండి, గేరులో ఉంటే బండి నెమ్మదించి మళ్ళీ ఎక్స్‌లేటర్ నొక్కాల్సి వచ్చే చోట, న్యూట్రల్‌లో దొర్లితే కాస్త పెట్రోలు మిగలవచ్చు. ఆ కాస్త కోసం అదుపు వదులుకోవడం నాకు సమ్మతం కాదు.

కార్బురేటర్ పోయినా దాని సలహాలు ఇంకా పోలేదు. పొద్దున్నే పది నిమిషాలు ఇంజిన్ ఆడించి వేడెక్కించాలన్నది చోక్ లాగి స్టార్ట్ చేసిన రోజుల మాట. ఈనాటి ఇంజిన్ నెమ్మదిగా నడుపుతూ ఉంటేనే త్వరగా వేడెక్కుతుంది. సిగ్నల్ దగ్గర ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే ఎక్కువ తాగుతుందన్నదీ అంతే. పది సెకన్లకు మించి ఆగాల్సి వస్తే ఆపేయడమే లాభమని అమెరికాలోని ఆర్గాన్ ప్రయోగశాల తేల్చింది. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతే మైలేజీ పడిపోతుందని ప్రతి సర్వీసింగ్ సెంటర్‌లోనూ చెబుతారు. అదే దేశంలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాల 2009లో పరీక్షించి, ఇంజెక్షన్ కార్లలో మురికి ఫిల్టర్ వల్ల పికప్ తగ్గుతుంది కానీ మైలేజీ దాదాపు మారదని చూపింది. కారణం మళ్ళీ అదే కంప్యూటర్. తక్కువ గాలి వస్తే తక్కువ పెట్రోలే పోస్తుంది. ఫిల్టర్ మార్చండి, ఇంజిన్ కోసం మార్చండి, మైలేజీ పేరు చెప్పి కాదు.

పొదుపు చిట్కాల జాబితా కావాలనే వాళ్ళకు: టైర్లలో గాలి చూసుకోండి, వేగం 80 దాటకుండా ఉండండి, ముందు ఎర్ర దీపం కనబడగానే గేరులోనే ఉంచి కాలు తీసేయండి. టైర్లలో గాలి ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు తీస్తే కనిపించే స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. బంకులో కుర్రాడు అన్ని బండ్లకూ ఒకే అంకె పెట్టేస్తుంటే చూస్తూ ఊరుకునేవాళ్ళను చూస్తే నాకు బాధగా ఉంటుంది.

ఇక ఎలక్ట్రిక్ కార్లు. వీటిలో గేరులో దిగడమంటే ఖర్చు సున్నా కాదు, ఎదురు ఆదాయం. మోటారే జనరేటర్‌గా మారి, బ్రేకులు వేడిగా పారబోసే ఆ యూనిటున్నరలో యూనిట్ దాకా బ్యాటరీకి తిరిగి ఇస్తుంది. అది ఆరేడు కిలోమీటర్ల ప్రయాణం. న్యూట్రల్‌లో పెడితే అందులో ఒక్క కిలోమీటరూ రాదు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. కొండ మీద బ్యాటరీని నూటికి నూరు శాతం నింపుకుని బయలుదేరితే తిరిగి వచ్చే కరెంటుకు చోటుండదు. కారు ఆ సదుపాయాన్ని తగ్గించేసి భారం మామూలు బ్రేకుల మీద వేస్తుంది. కాబట్టి తిరుమలలో చార్జింగ్ పెట్టేవాళ్ళు తొంభై శాతం దగ్గర తీసేసి దిగడం మంచిది.