ఇషాపూర్ రైఫిల్ కుందుర్పికి ఎందుకు రాదు?

మన సైన్యం వాడి పక్కనపెట్టిన రైఫిళ్లు అమెరికా దుకాణాల్లో అమ్ముడయ్యాయి. కొన్నవాళ్లు వాటిని కోసి, చెక్కి, కొత్త సోకులు అద్ది సరదాగా గురి చూసి కాల్చుకుంటున్నారు. అదే రైఫిల్ అనంతపురం జిల్లాలో ఎవరింట్లోనైనా దొరికితే నేరుగా జైలే. ఎందుకో తెలియాలంటే ముందు ఓ తూటా కథ వినాలి.

అనంతపురం జిల్లా కుందుర్పిలో శెనక్కాయ ఊడలు దిగే రోజుల్లో రైతుకు కంటిమీద కునుకుండదు. ఈ జిల్లాలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. ఆ కాస్త తడికి నిలబడిన పంట మీద చీకటి పడగానే అడవి పందులు పడతాయి. గుట్టల్లోంచి ఎలుగుబంట్లూ దిగుతాయి. గట్టుమీద కూర్చుని బ్యాటరీ లైటు వేయడం, డబ్బాలు మోగించడం, మధ్యమధ్య కేకలు పెట్టడం... కాపలా అంటే ఇదే. నిద్ర ఆపుకోవడానికి చేతిలో సెల్‌ఫోన్ ఉండనే ఉంది. అందులో తుపాకుల వీడియోలకు కొదవలేదు.

అలాంటి వీడియోల్లో ఓ రైఫిల్ తరచూ కనిపిస్తుంది. పొడవాటి చెక్క ఒళ్లు, మొద్దు మూతి, చతురస్రంగా కిందికి పొడుచుకొచ్చిన మ్యాగజైన్. బట్ మొదలయ్యే చోట ఇనుప కట్టు మీద మూడు సింహాల గుర్తు, దగ్గర్లోనే ఆర్.ఎఫ్.ఐ. అనే అక్షరాలు. అంటే రైఫిల్ ఫ్యాక్టరీ ఇషాపూర్. కోల్‌కతాకు దగ్గర్లో, హుగ్లీ ఒడ్డున ఉన్న మన సర్కారు కర్మాగారమే!

చైనా యుద్ధం నేర్పింది

ఆ రైఫిల్ పేరు 2ఏ1. 1962లో హిమాలయాల్లో మన జవాన్లు చైనా సైన్యాన్ని ఎదుర్కొన్నది త్రీ నాట్ త్రీ రైఫిళ్లతో. రెండు ప్రపంచ యుద్ధాల్లో బ్రిటిష్ సైన్యం మోసిన లీ ఎన్‌ఫీల్డ్ అది. యుద్ధం తర్వాత మన సైన్యం 7.62 మిల్లీమీటర్ల తూటాకు మారింది. దానికోసం ఎస్ఎల్ఆర్ (సెల్ఫ్ లోడింగ్) రైఫిళ్లు తయారవుతూనే ఉన్నా, అవి అందరికీ అందేదాకా ఆగే పరిస్థితి లేదు. ఇషాపూర్ వాళ్లు తమ చేతికి అలవాటైన పాత లీ ఎన్‌ఫీల్డ్ నమూనానే తీసుకుని, గట్టి ఉక్కుతో, కొత్త తూటాకు సరిపడేలా మలిచారు. పది తూటాల మ్యాగజైన్. గురి పలక మొదట 2,000 మీటర్ల వరకూ ఉండేది. అంత దూరం ఎవరు కొడతారని తర్వాత 800కి కుదించారు. ఆ కుదింపుతోనే 2ఏ కాస్తా 2ఏ1 అయింది.

ఎస్ఎల్ఆర్‌లు సరిపడా వచ్చాక వీటి అవసరం తీరింది. పెద్దసంఖ్యలో అమెరికా చేరాయి. అక్కడ కొన్ని కంపెనీలు వీటి మూతి కోసి, ముందు చెక్క తగ్గించి, జంగిల్ కార్బైన్ అన్న పాత పేరు తగిలించి అమ్మాయి. విడిగా కొన్నవాళ్లు సొంతంగా మార్పులు చేసుకున్నారు. చెక్క తీసేసి తేలికైన బట్ వేయడం, దుర్భిణి బిగించడం, ట్రిగ్గర్ నున్నగా చేయించడం లాంటివి.

ఈ తుపాకి మీద వాళ్లకంత మోజు ఎందుకో బోల్టు కదిలే తీరు చూస్తే అర్థమవుతుంది. పిడి పైకెత్తి వెనక్కి లాగితే కాల్చేసిన ఇత్తడి గొట్టం టక్కున పక్కకు ఎగిరిపడుతుంది. ముందుకు తోస్తే మ్యాగజైన్‌లోని పై తూటా జారుకుంటూ వెళ్లి గదిలో కూర్చుంటుంది. పిడి కిందికి వంచితే చాలు, తుపాకి సిద్ధం. ఈ పనంతా చేసేటప్పుడు చెంప బట్ మీదినుంచి లేవక్కర్లేదు, చూపు గురి మీదినుంచి తప్పదు. ఒక నిమిషంలో 300 గజాల దూరంలోని లక్ష్యం మీద 15 గుండ్లు పేల్చడం ఆనాటి బ్రిటిష్ సిపాయికి మామూలు సాధన.

అయితే పాత రైఫిల్‌ని కోసెయ్యడం నాకు నచ్చదు. బ్యారెల్ ఒకసారి కోశాక మళ్లీ అతకదు. చైనా సరిహద్దు దెబ్బ తిన్నాక ఒక పేద దేశం ఉన్న వనరులతో హడావుడిగా తయారుచేసుకున్న ఆయుధమది. ఉన్నది ఉన్నట్టు దాచుకోవాల్సిన వస్తువు. అక్కడి సేకర్తలూ ఇదే మాట అంటారు. కోయని 2ఏ1కే వాళ్లు విలువ ఇస్తారు.

అమెరికాలోని మనవాళ్లకూ ఓ మాట. హెచ్1బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకి కొనడం అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు ఉండటం లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. స్నేహితుడు కొన్నాడు కదా అని దుకాణానికి వెళ్లేముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

తూటా గీసిన గీత

ఇక మన దేశానికొస్తే... 1857 తిరుగుబాటు తెల్లదొరలకు పీడకలై వెంటాడింది. 1878లో లిట్టన్ హయాంలో వచ్చిన ఆయుధ చట్టంతో భారతీయుడు లైసెన్సు లేకుండా తుపాకి ముట్టుకోకూడదన్నారు. తర్వాత ఇంకో అడుగు వేశారు. సైన్యం వాడే సైజు తూటా పట్టే తుపాకి లైసెన్సున్నవాడి దగ్గర కూడా ఉండకూడదన్నారు. ఎందుకంటే తుపాకి ఒక్కటే ఉంటే అది ఇనుప కర్రతో సమానం. పట్టే తూటా దొరికితేనే ప్రమాదం. ఆ భయం ఉత్తుత్తిది కాదని 1922లో మన మన్యమే చూపించింది. ఆ ఏడాది ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద పడి పోలీసుల తుపాకులతోపాటు తూటాలూ పట్టుకెళ్లాడు.

మరి షికారుకు వెళ్లే దొరలకూ జమీందార్లకూ ఏదో ఒక రైఫిల్ కావాలి కదా! అలా ఊపందుకున్నదే .315. ఈ తూటా కూడా సైనిక తూటాయే. కాకపోతే మన దగ్గరిది కాదు, ఆస్ట్రియా-హంగరీ సైన్యానిది. ఇక్కడి ఏ బ్యారక్‌లోనూ దొరకదు కాబట్టి పర్వాలేదనుకున్నారు. బర్మింగ్‌హామ్ కంపెనీలు ఈ సైజులో రైఫిళ్లు చేసి ఇండియాకు పంపేవి. స్వాతంత్ర్యం వచ్చాక అదే ఇషాపూర్ కర్మాగారం లీ ఎన్‌ఫీల్డ్ యంత్రాంగానికే .315 బ్యారెల్ బిగించి, మ్యాగజైన్‌ని ఐదు తూటాలకు తగ్గించి స్పోర్టింగ్ రైఫిల్‌గా అమ్మింది. మిలిటరీ రైఫిల్‌ని సరదా రైఫిల్‌గా మార్చే పనిని మన దగ్గర సర్కారే చేసి పెట్టిందన్నమాట.

ఇంకో వింత మార్పు కూడా ఉంది. పోలీసులకూ జైలు కాపలాదార్లకూ ఇవ్వడానికి పాత త్రీ నాట్ త్రీలను .410 సైజుకు తొలిచి, మ్యాగజైన్ గూటిలో కొయ్యముక్క దిగ్గొట్టారు. ఒక్కసారికి ఒక్క తూటాయే. సొంత పోలీసును కూడా నమ్మని ప్రభుత్వం చేసే పని అది.

దొరలు వెళ్లారు, గీత మిగిలింది. 2016 ఆయుధ నియమాల ప్రకారం .303, 7.62 సైజు రైఫిళ్లు ఇప్పటికీ నిషిద్ధ జాబితాలోనే ఉన్నాయి. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినోత్సవ కవాతుతో త్రీ నాట్ త్రీకి వీడ్కోలు పలికారు. అలాగని అవి సంతకు రాలేదు, రావు కూడా. 2019 సవరణ తర్వాత నిషిద్ధ ఆయుధం దగ్గరుంటే కనీసం ఏడేళ్ల జైలు. లైసెన్సున్న తుపాకి బ్యారెల్‌నైనా అనుమతి లేకుండా కోస్తే శిక్ష అంతకు తగ్గదు. వీడియో చూసి కమ్మరి కొలిమి దగ్గరికి పరుగెత్తే కుర్రాళ్లకు ఈ సంగతి ఇంట్లోవాళ్లే చెప్పాలి.

పొరుగు రాష్ట్రం కర్ణాటకలో కొడగు ఉంది. కొడవలకు తుపాకి లైసెన్సు నుంచి తెల్లవాళ్ల కాలంలోనే మినహాయింపు దక్కింది, అది నేటికీ సాగుతోంది. కైల్‌పొల్దు పండగనాడు ఆయుధాలకు పూజచేసి, చెట్టుకు కట్టిన కొబ్బరికాయను గురిచూసి కొడతారు. చూడముచ్చటగా ఉంటుంది. సీమకు మాత్రం ఆ వెసులుబాటు కావాలని నేను అడగను. ఎన్నికల కోడ్ రాగానే ఇక్కడి ఊళ్లలో లైసెన్సుదారులు తమ డబుల్ బ్యారెళ్లను గుడ్డలో చుట్టుకుని స్టేషన్‌కు వెళ్లి, రసీదు రాయించుకుని, ఫలితాలు వచ్చేదాకా ఖాళీ చేతులతో ఉంటారు. కక్షల్లో మనుషుల్ని పోగొట్టుకున్న ఇళ్లున్న నేల ఇది. తెల్లవాడు ఏ భయంతో గీసినా ఆ గీత ఇక్కడ ఉండాల్సిందే.

బుడగలతో మొదలు

అయితే గురి మీద ఇష్టం తప్పు కాదు. జాతరలో అట్టకు అంటించిన రంగురంగుల బుడగల ముందు ఎయిర్ గన్ పట్టుకుని ఒక కన్ను మూసిన పిల్లవాడి ముఖం చూడండి. ఆ ఏకాగ్రత ఏ తరగతి గదిలోనూ కనిపించదు. హైదరాబాద్‌ బేగంపేటలోని ఇంటి పెరట్లో తండ్రి కొనిచ్చిన ఎయిర్ పిస్టల్‌తో సాధన చేసిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం తెచ్చాడు. హైదరాబాదీ ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు గెలిచింది.

ఈ ఆటకు మిలిటరీ రైఫిల్ అక్కర్లేదు. 4.5 మిల్లీమీటర్ల సైజు, 20 జౌళ్లకు మించని శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు మన దేశంలో లైసెన్సే అక్కర్లేదు. కావాల్సిన దూరం పది మీటర్లు. లక్ష్యం నాలుగున్నర సెంటీమీటర్ల వలయం. దాని నడుమ పదిపాయింట్ల చుక్క అర మిల్లీమీటరు, అంటే గసగసాల గింజ కంటే చిన్నది. ఊపిరి బిగపట్టి, రెండు గుండె చప్పుళ్ల మధ్య ట్రిగ్గర్ నొక్కాలి. వందల గజాల దూరం ఇనుప పలకను మోగించడం కంటే ఇది కష్టమని నా గట్టి నమ్మకం.

మైదానం పచ్చగా ఉండక్కర్లేదు, నీళ్లూ అక్కర్లేదు. కరువు నేలకు ఇంతకన్నా తగిన ఆట ఏముంటుంది? ఇదే జిల్లాలో రఫెల్ నాడల్ ఫౌండేషన్ 2010లో టెన్నిస్ బడి పెట్టింది. అనంతపురం పల్లె పిల్లలు రాకెట్ పట్టగలరని అప్పుడే తేలిపోయింది. రైఫిల్ కూడా పట్టగలరు. జిల్లా క్రీడాధికారులకూ, బెంగళూరులో స్థిరపడిన కుందుర్పి ప్రాంతం వాళ్లకూ నా విన్నపం ఒక్కటే. కుందుర్పి హైస్కూల్లో పొడవాటి గది ఒకటి, గుండ్లు ఆపే గట్టి గోడ, రెండు ఎయిర్ రైఫిళ్లు, వారానికి రెండుసార్లు వచ్చే కోచ్. ముందు ఇవి చూడండి.