అగ్రిమెంటుకీ రిజిస్ట్రేషనుకీ నడుమ

నరసరావుపేటలో ఒక పొలం బేరం కుదిరిందనుకుందాం. 2025 అక్టోబరు 15న అగ్రిమెంటు రాసుకున్నారు. కొనేవారు అడ్వాన్సు ఇచ్చారు. మిగతా సొమ్ము ‘నేటి నుంచి నాలుగు నెలల లోపు’ చెల్లించి రిజిస్ట్రేషన్ చేయించుకోవాలని షరతు. కొనే రైతు ధీమా మిర్చి మీద. ఫిబ్రవరికల్లా కోత మొదలవుతుంది, సరుకు గుంటూరు యార్డుకు చేరుతుంది, డబ్బు చేతికొస్తుంది. ఇంతకీ గడువు తీరేది ఏ రోజు? నాలుగు నెలలంటే 120 రోజులనుకుంటే 2026 ఫిబ్రవరి 12, గురువారం. క్యాలెండరు నెలల లెక్కన ఫిబ్రవరి 15. ఆ రోజు ఆదివారం, పైగా మహాశివరాత్రి, కోటప్పకొండ తిరునాళ్ళ. చుట్టుపక్కల ఊళ్ళన్నీ ప్రభల వెంట కొండకు కదిలే ఆ రోజు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు తెరవరు. ముందురోజు 14న రెండో శనివారం. మరి గడువు 12నే తీరిందా, 13న తీరిందా, 16 దాకా ఉన్నట్టా?

ఒప్పందాల గడువులను కంప్యూటరు చేత గమనింపజేయడం అనగానే ఫోన్లో మోగే అలారం గుర్తొస్తుంది. మోగించడం సులువు. ఏ రోజున మోగాలో తేల్చడమే అసలు పని. ఆ పనిలో గణితం కొంత, చట్టం కొంత, మనుషుల మాట తీరు కొంత కలిసి ఉన్నాయి.

గణితంతో మొదలుపెడదాం. తేదీని మనం రోజు, నెల, సంవత్సరం అనే మూడు ముక్కలుగా రాస్తాం. యంత్రానికి ఈ రూపం ఇబ్బంది. నెలకు 28 నుంచి 31 దాకా ఎన్ని రోజులైనా ఉండవచ్చు. అందుకని ఒక మూలదినం పెట్టుకుని, అక్కడి నుంచి గడిచిన రోజులన్నీ ఒకే అంకెగా లెక్కిస్తుంది. మన సిద్ధాంత గ్రంథాలు వాడిన అహర్గణం సరిగ్గా ఇదే. కలియుగారంభం నుంచి గడిచిన రోజుల మొత్తం తేల్చుకుని, దాని మీద గ్రహగణితం నడిపేవారు. ఎక్సెల్ పట్టిక తన లెక్కను 1900 జనవరి 1 నుంచి మొదలుపెడుతుంది. ఆ లెక్కన 2025 అక్టోబరు 15 సంఖ్య 45945. దానికి 120 కలిపితే 46065, అంటే 2026 ఫిబ్రవరి 12. రోజుల్లో చెప్పిన గడువు ఒక్క కూడికతో తేలిపోతుంది.

నెలల్లో చెప్పిన గడువుకు కూడిక చాలదు. అక్టోబరు 15 నుంచి ఫిబ్రవరి 15కు 123 రోజులు. మన జనరల్ క్లాజెస్ చట్టం (1897) ప్రకారం నెల అంటే ఇంగ్లీషు క్యాలెండరు నెల. మూడు నెలలంటే 90 రోజులు కాదని 2010లో హిమాచల్ టెక్నో ఇంజనీర్స్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. నెలల గడువు సాధారణంగా అదే తారీఖు ఉన్న రోజుతో తీరుతుంది. ఈ సూత్రం మీద ఇంగ్లండులో ఒక కౌలుదారు కేసు, డాడ్స్ వర్సెస్ వాకర్, 1981లో హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్ళింది. నోటీసు అందింది సెప్టెంబరు 30న. దరఖాస్తుకు నాలుగు నెలల గడువు. సెప్టెంబరు ఆఖరి రోజున మొదలైంది కాబట్టి జనవరి ఆఖరి రోజైన 31న తీరుతుందన్నది కౌలుదారు వాదన. కాదు, 30తోనే తీరిందన్నారు న్యాయమూర్తులు. ఒక్క రోజు తేడాతో ఆయన హక్కు పోయింది. ప్రోగ్రాము రాసేవారు ‘నెల కలుపు’ అన్న ఆదేశం వెనక ఏ సూత్రం ఉందో చూసుకోకపోతే ఇలాంటి ఒక్క రోజే జారుతుంది.

సెలవుల సంగతి ఇంకా చిక్కు. కేంద్ర చట్టం ప్రకారం ఒక ఆఫీసులో చేయాల్సిన పనికి ఆఖరి రోజున ఆ ఆఫీసు మూసి ఉంటే, ఆ తర్వాత తెరిచిన రోజున చేసినా చెల్లుతుందని జనరల్ క్లాజెస్ చట్టం 10వ సెక్షన్ అంటుంది. దస్తావేజును రిజిస్ట్రేషన్‌కు దాఖలు చేసే గడువు 15న తీరాల్సి ఉంటే అలా 16కు జరుగుతుంది. ప్రాంసరీ నోటుకు మాత్రం చట్టం తిరగబడుతుంది. గడువు తేదీ వేసి రాసిన నోటుకు చట్టం ఇచ్చే మూడు రోజుల వెసులుబాటు కలిపాక, చెల్లించాల్సిన రోజు సెలవైతే దానికి ముందున్న పనిదినానికే సొమ్ము కట్టాలి. అది నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 25వ సెక్షన్. ఒకే సెలవు ఒక కాగితానికి గడువును పెంచుతుంది, మరో కాగితానికి తగ్గిస్తుంది. ఇద్దరు ప్రైవేటు వ్యక్తుల అగ్రిమెంటుకు ఈ రెండూ వాటంతటవే వర్తించవు. కాగితం మీద ఏం రాసుకున్నారో ముందు అదే చూడాలి. చాలా అగ్రిమెంట్లలో ఆ ముక్క రాయరు.

ఒక్క బేరంలోనే ఇలాంటి గడియారాలు నాలుగైదు తిరుగుతుంటాయి, ఒక్కోటీ ఒక్కో చోట మొదలై. సంతకాలు పెట్టిన దస్తావేజును నాలుగు నెలల్లోపు రిజిస్ట్రేషన్‌కు దాఖలు చేయాలి. అనివార్య కారణాలతో ఆలస్యమైతే జిల్లా రిజిస్ట్రార్ అనుమతితో, రిజిస్ట్రేషన్ రుసుముకు పది రెట్లు మించని అపరాధ రుసుముతో ఇంకో నాలుగు నెలలు. ఆ తర్వాత దారి లేదు. పట్నంలో స్థలమో ఇల్లో 50 లక్షలు, ఆపైన పెట్టి కొంటే ఒక శాతం పన్ను మినహాయించి, ఆ నెల ముగిసిన 30 రోజుల్లోపు ప్రభుత్వానికి జమ చేయాలి. నవంబరు 2న సొమ్మిచ్చినా 30న ఇచ్చినా ఈ గడువు డిసెంబరు 30నే. అన్నిటికంటే పెద్ద గడియారం లిమిటేషన్ చట్టం (1963) 54వ ఆర్టికల్. అమ్ముతానన్నవారు మాట తప్పితే ఒప్పందం అమలు చేయించమని కోర్టుకు వెళ్ళడానికి మూడేళ్ళు.

ఈ మూడేళ్ళు ఎప్పుడు మొదలవుతాయన్నది చాలామందికి తెలియని విషయం. అగ్రిమెంటులో గడువు తేదీ ఉంటే ఆ తేదీ నుంచి. తేదీ లేకపోతే, అవతలివారు నిరాకరించారని మనకు తెలిసిన రోజు నుంచి. ‘22ఏ నిషేధిత జాబితా నుంచి సర్వే నంబరు తొలగించిన మూడు నెలలకు’, ‘అన్నదమ్ముల పంపకాలు అయ్యాక’ వంటి షరతులను తేదీగా ఒప్పుకోవచ్చా? తేదీ అంటే క్యాలెండరులో ఫలానా రోజని వేలుపెట్టి చూపగలిగినదేనని 2009లో అహ్మద్‌సాహెబ్ అబ్దుల్ ముల్లా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అటువంటి షరతులున్నప్పుడు నిరాకరణ తెలిసిన రోజే లెక్కకు మొదలు. పల్నాటి వీరగాథలో కోడిపందెం ఓడినవారు ఏడేళ్ళు రాజ్యం విడిచి వెళ్ళారు. గడువు నిండాక అలరాజు రాయబారిగా గురజాల వెళ్ళి అడగాల్సి వచ్చింది, అవతలివారు కాదన్నారు. నేటి చట్టం కూడా ఆ అడగడాన్నీ ఆ కాదనడాన్నీ తేదీలతో సహా చూపమంటుంది.

కాబట్టి యంత్రం దాచుకోవాల్సింది తేదీలను కాదు, తేదీలను పుట్టించే సూత్రాలను. ప్రోగ్రాములో ప్రతి గడువూ మూడు ముక్కలుగా ఉంటుంది: ఏ ఘటన నుంచి, ఎంత కాలం, ఏ లెక్క పద్ధతిలో. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీశారా, లింకు డాక్యుమెంట్లు చూశారా, సర్వే అయిందా, బ్యాంకు రుణం మంజూరైందా అన్న ఘటనలు ఒకదాని మీద ఒకటి ఆధారపడి గొలుసుగా అల్లుకుంటాయి. సర్వే పది రోజులు ఆలస్యమైందని నమోదు చేయగానే దాని మీద ఆధారపడినవన్నీ తిరిగి లెక్కకు వస్తాయి. అగ్రిమెంటు గడువు మాత్రం కదలదు. కదలకూడనిదీ కదిలేదీ ఢీకొనే చోటును నెల ముందే పట్టుకుని చూపడం ఈ వ్యవస్థ చేయగల గొప్ప మేలు. పెద్ద కట్టడాల పనులను ఇలా గొలుసుగా చూసే గణితం 1950ల చివర్లో అమెరికాలో స్థిరపడింది. పొలం బేరానికి అందులో చిన్న ముక్క చాలు.

సూత్రాన్ని దాచుకోవాలనడానికి కరోనా కాలం కంటే మంచి సాక్ష్యం లేదు. 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా గడిచిన కాలాన్ని లిమిటేషన్ లెక్క నుంచి మినహాయిస్తూ సుప్రీంకోర్టు ఆదేశాలిచ్చింది. 2019లో లెక్కేసి డైరీలో రాసిపెట్టుకున్న ఆఖరి తేదీలు ఆ దెబ్బతో తప్పులయ్యాయి. సూత్రంగా దాచుకున్నవారు ఒక మినహాయింపు చేరిస్తే సరిపోయింది.

పల్నాడులో ఈ గడువులు ఎంత విలువైనవో గత పదీపన్నెండేళ్ళు చూపించాయి. 2014లో రాజధాని ప్రకటనతో అమరావతి, పెదకూరపాడు, సత్తెనపల్లి వైపు భూముల ధరలు ఎగిరాయి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే పడ్డాయి. 2024 తర్వాత మళ్ళీ లేచాయి. ధర పెరిగే కాలంలో గడువు దాటితే బాగుండునని అమ్మేవారికి ఉంటుంది. పడే కాలంలో కొనేవారికి ఉంటుంది. భూమి బేరాల్లో గడువే ప్రాణమని ముందుగా అనుకోనక్కర్లేదని చాంద్ రాణి కేసులో రాజ్యాంగ ధర్మాసనం అన్నా, ధరలు దూకుతున్న రోజుల్లో గడువును ఇంత తేలిగ్గా చూడటం పునరాలోచించాలని 2011లో శారదామణి కందప్పన్ కేసులో సుప్రీంకోర్టు హెచ్చరించింది. కొనేవారు సొమ్ముతో సిద్ధంగా ఉన్నానని మొదటి నుంచీ చూపగలగాలి. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 16వ సెక్షన్ కోరేది అదే. ఏ రోజు ఈసీ తీశారు, ఏ రోజు బ్యాంకులో సొమ్ముంది, ఏ రోజు నోటీసు పంపారు అన్న వివరాలన్నీ సాక్ష్యాలు. నా దృష్టిలో అలారం కంటే ఈ రోజువారీ చిట్టా విలువైనది. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద కంప్యూటరు రికార్డుకు ఇచ్చే సర్టిఫికెట్‌లో హాష్ విలువ కూడా రాయాలి. ఫైలులోని ప్రతి అక్షరాన్నీ గణితంతో కుదించి తీసే గుర్తు అది. తర్వాత ఒక్క అంకె మార్చినా ఆ గుర్తు మారిపోయి, దిద్దుబాటు బయటపడుతుంది.

ఇక మనుషుల మాట తీరు. పాత అగ్రిమెంటును ఫోటో తీసి ఇస్తే తేదీలను వెతికి పట్టే ప్రోగ్రాములు వచ్చాయి. అచ్చు అక్షరాలను బాగానే చదువుతాయి. లేఖరి చేతిరాతలో ఒత్తులూ గుణింతాలూ కలిసిపోయిన చోట తడబడతాయి. ‘05-06’ అని ఉంటే జూన్ ఐదో మే ఆరో సందర్భాన్ని బట్టి తేల్చాలి. ‘ఉగాదికి ఇస్తాను’ అన్న మాట ఇంకా కష్టం. ఉగాది 2023లో మార్చి 22న, 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న, 2026లో మార్చి 19న వచ్చింది. చాంద్రమాన సంవత్సరం దాదాపు 354 రోజులే కాబట్టి ఏటా పదకొండు రోజులు వెనక్కి వస్తూ, అధికమాసం పడినప్పుడు ముందుకు దూకుతుంది. ప్రోగ్రాముకు పంచాంగం కూడా తెలిసి ఉండాలన్న మాట. ‘పత్తి అమ్మాక’ అని రాస్తే ఏ పంచాంగమూ తేల్చదు. అలాంటి వాక్యాన్ని యంత్రం ఊహించి పూరించకూడదు. మనిషిని అడగాలి, ఆయన చెప్పిన జవాబును ఆయన పేరుతోనే నమోదు చేయాలి.

1998లో కార్డ్ పథకంతో మన రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ ఆఫీసులు కంప్యూటర్లకు మారాయి. ఈసీ నిమిషాల్లో చేతికి రావడం అప్పుడే మొదలైంది. ఆ వెలుగు రిజిస్ట్రేషన్ రోజు నుంచే పడుతుంది. అంతకుముందు నడిచే నాలుగైదు నెలలు, అంటే అడ్వాన్సు చేతులు మారిన, హక్కు ఇంకా చేతులు మారని ఆ కాలం, గురజాలలోనూ మాచర్లలోనూ ఇంటి బీరువాలో మడిచిన స్టాంపు కాగితంలోనే ఉంటుంది. వందల ప్లాట్లు అమ్మే కంపెనీలకు ఈ గడువులు చూసే సాఫ్ట్‌వేరు ఉంది, చూసే మనిషి ఉన్నాడు. అరెకరం కొనే రైతుకు రెండూ లేవు. పోగొట్టుకునేది మాత్రం ఆయన ఏళ్ళ కష్టం.

ఆ రైతుకు పనికొచ్చే రూపం ఏది? తెలుగులో మాట్లాడే ఫోను కాల్ మేలు. గడువు ముప్పై, పదిహేను, ఏడు రోజులుండగా రావాలి. విన్నానని ఒక అంకె నొక్కేదాకా మళ్ళీ మళ్ళీ రావాలి, ఎత్తకపోతే ఇంట్లో ఇంకొకరికి వెళ్ళాలి. కొన్నవారికీ అమ్మినవారికీ ఒకే సమాచారం అందాలి. 2025 జనవరిలో మొదలైన మన మిత్ర ద్వారా ప్రభుత్వ సేవలే వాట్సాప్‌లో అందుతున్నాయి కాబట్టి సాంకేతికంగా ఇందులో అసాధ్యమేమీ లేదు. అంతకంటే ముందు జరగాల్సిన పని లేఖరుల కంప్యూటర్లలో ఉంది. వారి అగ్రిమెంటు నమూనాలో మూడు వాక్యాలు చేర్చాలి: గడువు ఫలానా తేదీ సాయంత్రం ఇన్ని గంటలకు తీరుతుంది, ఆ రోజు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు సెలవైతే తర్వాతి పనిదినం వరకు ఉంటుంది, నోటీసులు ఫలానా చిరునామాకు, ఫలానా ఫోను నంబరుకు పంపాలి. ఆ మూడు వాక్యాలుంటే అక్టోబరు 15న రాసిన అగ్రిమెంటు గడువు ఫిబ్రవరి 16, సోమవారం అని యంత్రమూ చెబుతుంది, అమ్మినవారూ కొన్నవారూ చెబుతారు.